పరుపు కోడి పొదుగు

తెనాలిలో మా ఇంటి ముందు గదిలో ఎప్పుడూ దూదే ఉండేది. పరుపులు, దిళ్ళు కుట్టడం మా పని. మా ఆవిడ పోయాక ఆ గదిలో దూది మిగిలింది, నేను మిగిలాను. పిల్లలు లేరు. ఫోము పరుపులు వచ్చాక పిలిచేవాళ్ళూ తగ్గారు. కొన్ని రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు. టీ కొట్టు దగ్గర "ఒకటి" అనేవాణ్ణి, అంతే.

బాపట్లలో ఒక మేష్టారింట్లో పాత పరుపులు విప్పి కుట్టడానికి వెళ్ళినప్పుడు ఈ కోళ్ళు దొరికాయి. ఆయన మేడ మీది వాటాలోకి మారుతున్నారు. అక్కడ కోళ్ళకు చోటు లేదు. ఒక పుంజును, ఒక పెట్టను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. రైల్లో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని పైన ఆయన రాసిన మాట కూడబలుక్కున్నాను. అప్పటికి నాకు అక్షరాలు కొత్త. సిల్కీ, అని ఉంది, ఆ కోళ్ళ జాతి పేరు.

ఇంటికొచ్చి పెట్టె విప్పితే వీధంతా చేరింది. ఒంటి మీద ఈకలున్నట్టే లేదు, అప్పుడే ఏకిన దూదిలా ఉన్నాయి. ఊదితే లోపల చర్మం నల్లగా కనిపించింది. కాలికి ఐదు వేళ్ళు.

"ఏంటి బాబాయ్, పరుపులో కూరగా మిగిలిన దూది కోళ్ళకంటించావా?" అంది పక్కింటి కోడలు. ఆ రోజు నుంచి అవి పరుపు కోళ్ళు.

పుంజు ఎక్కువ కాలం దక్కలేదు. వీధి కుక్క దడి దూకి పట్టుకుపోయింది. అప్పటికి పెట్ట పెట్టిన గుడ్లు ఆరు ఉన్నాయి. ఆ జాతి మా చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ఈ ఆరూ పిల్లలైతే ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉంటుంది. కాకపోతే ఈ పెట్టతో సరి.

పెట్ట పొదుగుకొచ్చింది. ఈ జాతికి పొదగడమంటే పిచ్చి. గంపలో గడ్డి బదులు దూది పరిచాను. ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక ఇనప మేకు, ఒక బొగ్గుముక్క పెట్టాను. నాకు నమ్మకం ఉండి కాదు. మా ఆవిడ అయితే పెట్టేది. కొన్నాళ్ళకు తలుపు సందులో పడే ఎండకు గుడ్డు పట్టి చూస్తే లోపల ఎర్రటి దారాలు కనిపించాయి. ఆరింటిలోనూ ఉన్నాయి. ఆ సంగతి చెప్పడానికి ఇంట్లో మనిషి లేడు. కోడికే చెప్పాను.

అప్పుడే కొల్లిపరలో పెళ్ళివారి పరుపుల పని వచ్చింది. పొద్దున్నే తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళాను. నేను అటు వెళ్ళగానే ఇటు మా మరదలు రేపల్లె నుంచి దిగింది. మా ఆవిడ చెల్లెలు. చెప్పి వచ్చే మనిషి కాదు.

సాయంత్రం నేను వచ్చేసరికి ఇల్లు తుడిచి ఉంది. చేపల పులుసు వాసన వస్తోంది. పెరట్లో జామ మొక్కకు కోడిని కట్టేసి ఉంది. తెల్లదనమంతా ఒంటికి అంటుకుపోయి, నల్ల చర్మం బయటపడి, పిడికెడంతయి వణుకుతోంది.

"ఏం చేశావే?"

"బకెట్లో ముంచాను బావా. పుంజు లేదని పక్కింటమ్మాయి చెప్పింది. పుంజు లేని గుడ్ల మీద ఎంత కూర్చుంటే ఏముంది, ఒళ్ళు గుల్ల చేసుకోడం తప్ప? సగమైపోయింది పాపం."

"గుడ్లేవి?"

"నీళ్ళ కుండ కింద తడి ఇసుకలో పెట్టా. చల్లగా ఉంటాయి. రేపు నీకు అట్టు వేస్తా."

పొదుగు మానాలంటే కోడిని నీళ్ళలో ముంచడం మా వైపు ఇంటింటా చేసేదే. నాటుకోడి అయితే ఒళ్ళు దులుపుకుని ఎండలోకి పోతుంది. దీని ఈక నీళ్ళను ఆపదు, దూదిలాగే పీల్చుకుంటుంది.

"అవి పుంజు పోకముందు పెట్టినవి. లోపల పిల్లలున్నాయి" అన్నాను.

ఆమె గడప మీద కూలబడింది. "నాకేం తెలుసు బావా."

"అడగొచ్చుగా."

"ఎవర్నడగను? నువ్వు కొల్లిపరలో ఉన్నావు."

తడిసిన దూదిని పిండకూడదు, గడ్డ కడుతుంది. పొడి దూదితో అద్ది అద్ది తడి తీశాను. ఆమె కుంపటి రాజేసింది. దీపాలు పెట్టే వేళకు కోడి మెడ ఎత్తింది. గుడ్లు తుడిచి ముందు పెడితే ఒక్కొక్కటే ముక్కుతో కిందికి లాక్కుంది. అవి రాళ్ళంత చల్లగా ఉన్నాయి.

"వీటి సంగతి తేలేదాకా నేను కదలను" అంది మరదలు.

ఉండిపోయింది. రోజంతా మాట్లాడేది. "దూదిలో పొర్లే మనిషివి, నీ దిండు చూడు బావా, రాయి నయం" అనేది. కూరలో ఉప్పు దగ్గర పోట్లాడుకునేవాళ్ళం. ఆమెది మా ఆవిడ గొంతు కాదు. మాట విరుపు మాత్రం ఆ ఇంటిదే. నేను సూది పక్కన పెట్టి వినేవాణ్ణి.

పిల్లలు లేచే రోజు వచ్చింది, పోయింది. బేసినులో గోరువెచ్చని నీళ్ళు పోసి గుడ్లు వదిలాను. లోపల ప్రాణముంటే గుడ్డు దానంతట అదే కదులుతుంది. ఇద్దరం ముందుకు వంగి కూర్చున్నాం. నీళ్ళు నిలిచాయి. గుడ్లూ నిలిచాయి.

"ఆ చివరిది కదిలింది బావా!"

"నీ మోచెయ్యి తగిలింది."

పెరటి మూల గొయ్యి తీసి పాతిపెట్టాను. మర్నాడు ఆమెను రేపల్లె బండి ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. బండి ఇంకా రాలేదు.

"ఒక్క మాట తిట్టవేం బావా?"

"తిడితే లేస్తాయా?"

"పోనీ నాతో వచ్చెయ్. నాలుగు రోజులుండి వద్దువుగాని."

"కోడి పొదుగు మీదుంది."

"కింద గుడ్లు లేవుగా!"

"ఆ సంగతి దానికి తెలీదుగా."

ఆమె నా మొహం చూసింది. బండి రాగానే సంచి తీసుకుని ఎక్కింది. బండి కదిలాక కిటికీలోంచి అరిచింది, "పులుసు మూత పెట్టి ఉంది, వేడి చేసుకో!"

ఇంటికొచ్చేసరికి పెట్ట ఖాళీ గంపలో, మేకు మీదా బొగ్గుముక్క మీదా ఒళ్ళు పరుచుకుని కూర్చుని ఉంది. చెయ్యి పెట్టి చూశాను. దాని కింద దూది వెచ్చగా ఉంది.

పక్కింటి కోడలు గోడ మీంచి చూసి, "ఈసారి నువ్వే ముంచెయ్ బాబాయ్, లేకపోతే తిండి మానేసి చచ్చిపోద్ది" అంది.

నేను బకెట్టు ముట్టుకోలేదు. నూకల చిప్ప, నీళ్ళ చిప్ప దాని ముక్కుకందేలా గంప దగ్గరికి జరిపాను. తర్వాత పులుసు వేడి చేసుకున్నాను. ఇద్దరికి సరిపోయేంత ఉంది.