ట్రైలర్ ముక్కు బరువు

పంపుహౌస్ సైటులో అందరూ ఆయన్ని లోగేరు మామ అనేవాళ్లు. ఎవరే కష్టం చెప్పుకున్నా "లోగేర్లో వెళ్లరా, ఏం కాదు" అనేవాడు మరి. ఆయన దగ్గర పాతికేళ్ల నాటి డీజిల్ జీపు ఒకటుండేది. పొద్దున్నే స్టార్టు చేస్తే సైటంతా దగ్గేది. అయినా ఏటి ఒడ్డుకు దిగే మట్టిదారిలో లారీలు రెండుసార్లు దిగబడ్డాక, ట్రైలర్ తగిలించుకుని సామాను దించే పని ఆ ముసలి జీపుకే దక్కింది. ఆ పనే మామ బతుకు.

ట్రైలర్ లాగడంలో కిటుకు ఒక్కటే. బరువు ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనక పడిందా, దిగుడులో ట్రైలర్ కుక్కతోకలా ఊగి జీపునే ఆడిస్తుంది. అందుకే తగిలించే ముందు మామ ట్రైలర్ ముక్కును, జీపుకు తగిలే ఆ ముందు కొనను, చేత్తో ఎత్తి చూసేవాడు. తేలిగ్గా లేచిందంటే బరువు వెనక పడ్డట్టే, లోడంతా విప్పించి మళ్లీ కట్టించేవాడు. ఎవరెంత విసుక్కున్నా వినేవాడు కాదు.

నిరుడు ఆయనకు నడుము పట్టేసింది. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి ముక్కు ఎత్తి చూసే పని బావమరిదికి అప్పగించాడు. భార్యకు తమ్ముడు, పదేళ్లుగా లోడు కట్టేవాడు, తన చేతుల్లో పని నేర్చినవాడు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని పెద్దలు ఊరికే అనలేదని మామ నమ్మకం. పెద్దలకేం, వాళ్లు ట్రైలర్లు లాగారా!

ఆ సోమవారం కొత్త పంపు మోటారు దించాలి. లోడు మీద టార్పాలిన్ బిగించేసి ఉంది.

"ముక్కు చూశావురా?"

"దిట్టంగా ఉంది బావా. నువ్వు పోనీ."

కదిలేటప్పుడు జీపు వెనకభాగం కాస్త పైకి లేచినట్టు అనిపించింది. అద్దంలో చూస్తే బావమరిది నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. దిగి చూడాలంటే మామకు సిగ్గేసింది.

రెండో మలుపు దగ్గర ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కితే మడతపడుతుందని తెలుసు. కాలు తీసేసి, లోగేర్లో ఇంజన్‌నే బండిని నిలవరించనిచ్చి, స్టీరింగు గట్టువైపు తిప్పాడు. కొక్కెం విరిగింది. ట్రైలర్ దారి పక్క కాలవలో ఓ పక్కకు తిరగబడింది, జీపు గట్టుకు గుద్దుకుని ఆగింది.

దిగి టార్పాలిన్ లాగి చూశాడు. మోటారు పగిలింది, కానీ తాళ్లు సడలలేదు. వెనక తలుపుకు ఆనించి కట్టినట్టే ఉంది. ముందు భాగంలో ఉన్నవన్నీ ఖాళీ డ్రమ్ములు. తొందరలో పొరపాటు చేశాడేమో అనుకోవాలని చూశాడు మామ. ఖాళీ డ్రమ్ముల్ని అంత పదిలంగా ఎవడు కడతాడు?

మేనేజరు వచ్చేసరికి బావమరిదే ముందు నోరు విప్పాడు.

"లోడు నిక్షేపంలా కట్టాను సార్. జీపుకే బ్రేకుల్లేవు. బావకు ఎన్నిసార్లు మొత్తుకున్నానో!"

"బరువంతా వెనక కట్టాడు సార్! ఆ తాళ్లు చూడండి!" అన్నాడు మామ.

"తిరగబడ్డాక ముందేది, వెనకేది పెద్దాయనా?" అన్నాడు మేనేజరు. "అయినా సొంత బావమరిది మీ మీద అబద్ధమెందుకు చెప్తాడు? రేపట్నుంచి జీపు లోపలికి తేవద్దు."

మామ తలెత్తి బావమరిది వైపు చూశాడు. వాడు తాళ్లు విప్పుకుంటున్నాడు.

బుధవారం సైటులో ఉండిపోయిన తన ట్రైలర్ గొలుసులు తెచ్చుకుందామని వెళ్తే, గేటు దగ్గర కొత్త పికప్ బండి కనబడింది. దాని స్టీరింగు ముందు బావమరిది. మామ గొలుసుల సంగతే మరిచిపోయి ఇంటికొచ్చేశాడు.

"నీ తమ్ముడు నమ్మించి గొంతు కోశాడే," అన్నాడు గుమ్మంలోనే. "బండి కూడా కొనేశాడు!"

భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"నీకు తెలుసా?"

"బుక్ చేసినప్పుడే చెప్పాడండీ. రెండు నెలలైంది. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

"ఇంకేం చెప్పాడు?"

"జీపుకు ఏదైనా అయితే పని తనకే ఇస్తానని మేనేజరు మాటిచ్చాడట. నేను ఇంతకు తెగిస్తాడనుకోలేదండీ. ఎలాగూ మీ నడుము బాగాలేదు కదా, ఇంటిపట్టున ఉంటారనుకున్నా."

మామ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చున్నాడు.

"జీపుకు ఏదైనా అయితే అన్నాడా? అందులో ఉండేది నేనే కదే."