గాడిదకు పదిహేడు, బాతుకు పదిహేడు

మా బావకి ఏదీ ఒక్కసారితో తృప్తినివ్వదు. ఎవరు ఏం చేసినా ముందు "బాగుంది" అంటాడు. వెంటనే "ఇంకోటి" అంటాడు. మొదటి మాటకి పొంగిపోయినవాళ్ళు రెండో మాటకి ఎక్కడివాళ్ళక్కడ నీరుగారిపోతారు.

ఆయన పెళ్ళి ఫొటోలో మా అక్క మొహం మాడ్చుకుని ఉండటానికి కారణం ఇదే. ఫొటోగ్రాఫరు పదకొండుసార్లు తీశాడు. పెళ్ళికొడుకే "బాగుంది, ఇంకోటి" అంటుంటే పాపం అతను మాత్రం ఏం చేస్తాడు? మొదటి ఫొటోలో అందరం నవ్వుతున్నాం. ఆల్బంలోకెక్కింది పదకొండోది. అందులో నవ్వుతున్నది ఒక్క మా బావే.

ఓసారి క్షవరం చేయించుకుని, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, అలవాటు కొద్దీ "బాగుంది, ఇంకోటి" అన్నాడట. మంగలి దువ్వెన కింద పెట్టి, "దానికేం భాగ్యం సార్, ఇంకో తల తెచ్చుకోండి" అన్నాడట. మా మేనకోడలు పుట్టినప్పుడు నర్సు బిడ్డని తెచ్చి చేతుల్లో పెడితే మాత్రం "బాగుంది" అని అక్కడితో ఆగాడు. రెండో మాట నోటిదాకా వచ్చిందనీ, మంచం మీంచి మా అక్క చూసిన చూపుకి వెనక్కి వెళ్ళిపోయిందనీ మా అమ్మ చెబుతుంది.

ఇలాంటి మనిషి ఏ గుమాస్తా ఉద్యోగమో చేసుకుంటే లోకానికి పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ ఆయన డైరెక్టరయ్యాడు. అదీ మనుషుల సినిమాలకి కాదు, బొమ్మల సినిమాలకి. అందులో నేను అసిస్టెంటుని. బావమరిదినయ్యాక తప్పుతుందా?

ఎనిమిదేళ్ళుగా ఆయనకి ఒకటే కల. చిన్నప్పుడు అందరం చదువుకున్న సర్కస్ జంతువుల కథ ఉంది కదా, దాన్ని సినిమా తీయాలని. జంతువులన్నీ ఏకమై రింగ్ మాస్టర్ని తరిమేస్తాయి. ఇక ఎవరూ ఎవరినీ కొట్టకూడదని కొరడాని బోనులో పెట్టి తాళం వేస్తాయి. తాళంచెవి నక్కకి అప్పగిస్తాయి. తర్వాత ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బరువులన్నీ మోసిమోసి నడుం వంగిన ముసలి గాడిద, చివర్లో నక్క చేతిలో అదే కొరడాని చూసి ఒక్క మాట అంటుంది: "కొరడా అదే. చెయ్యి మారింది." అంతే కథ. తాతల కాలం నుంచి ఏ తరం చదివినా ఎవరో ఒక పెద్దమనిషికి కోపం తెప్పిస్తూనే ఉంది.

అందుకే మా నిర్మాతగారు మొదటిరోజే భయపడ్డారు.

"ఆ నక్క ఎవరయ్యా?" అన్నారు.

"నక్కేనండీ" అన్నాడు బావ.

"అది నాకు తెలుసు. చూసినవాళ్ళు ఎవరనుకుంటారు?"

"ఎవరి మనసులో ఎవరుంటే వాళ్ళని."

"అదే వద్దంటున్నాను. నక్క తీసేసి కంగారూని పెడితే? మన పెద్దవాళ్ళెవరికీ కంగారూ పోలికలు లేవు."

బావ తల గోక్కుని, "కంగారూ కడుపు సంచిలో తాళంచెవి పెట్టుకుంటే ఇంకా అనుమానిస్తారండీ" అన్నాడు. నిర్మాతగారు ఒక నిమిషం ఆలోచించి, నక్కకే ఒప్పుకున్నారు.

బొమ్మలు గీయడం అయింది, గొంతులు చెప్పించడం మొదలైంది. నక్కకి ఒక మిమిక్రీ కళాకారుడు. నక్క ప్రభుత్వ ప్రకటనలు చదివే చిలుకకి ఒక వార్తలావిడ. గాడిదకి పెద్దాయన. ఆయన్ని అందరూ పెద్దాయనే అంటారు. మా చిన్నప్పుడు రేడియోలో ఆ గొంతు వినబడితే ఇంట్లో పోట్లాటలు కూడా కాసేపు ఆగేవి. ఇక బాతు మిగిలింది. దానికి సినిమా మొత్తం మీద ఒకే డైలాగు, "మనకూ ఓటుంటుందా?" అని. అది నాకు అంటగట్టారు.

గోడలకి మెత్తలు కుట్టిన చిన్నగది, నడుమ మైకు, తలుపు మీద ఎర్రలైటు. లైటు వెలిగితే లోపల రికార్డింగు జరుగుతోందని గుర్తు. అద్దానికి అవతల బావా, సౌండింజనీరూ. నేను బాతునై, "మనకూ ఓటుంటుందా?" అన్నాను.

చెవుల్లోకి బావ గొంతు వచ్చింది. "బాగుంది. ఇంకోటి."

ఆశగా అన్నాను. దీనంగా అన్నాను. ఎనిమిదోసారి నిలదీశాను. పన్నెండోసారికి నాకు ఓటు మీదే విరక్తి పుట్టింది. పదిహేడోసారి ఏడుపొక్కటే తక్కువ.

"బాగుంది. చాలు" అన్నాడు బావ.

"ఏది బాగుంది బావా? మొదటిదానికీ దీనికీ తేడా ఏంటి?"

"నువ్వు బయటికి రా, చిలుకని పంపు."

చిలుకకీ పదిహేడే. నక్కకీ పదిహేడే. మర్నాడు అందరికీ తొమ్మిది. ఆ మర్నాడు అందరికీ పద్నాలుగు. ఈ లెక్క ఏ గ్రహాన్ని బట్టి మారుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి నక్క ఒక సిద్ధాంతం లేవదీశాడు. ఇంట్లో భార్యతో గొడవైన రోజు ఎక్కువ టేకులు, లేనిరోజు తక్కువ. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆవిడ మీద కోపం మన మీద. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే నాకు ఫోన్లు.

"మీ అక్కయ్యగారు ఇవాళ ఎలా ఉన్నారు?"

"కులాసాగానే ఉంది."

"ఆరోగ్యం సంగతి కాదండీ."

ఈ గోల పడలేక అక్కనే అడిగాను. "మొన్న మీ ఇద్దరికీ బాగా గొడవైందా?"

"లేదే. మొన్న అసలు మాట్లాడుకోనేలేదు."

"ఓహో. అదే పదిహేడు" అనుకున్నాను.

పెద్దవారు కదా అని పెద్దాయన్ని బావ రోజూ అందరికంటే ముందు పిలిచేవాడు. తొమ్మిదింటికల్లా గొడుగూ ఫ్లాస్కూ పట్టుకుని వచ్చి, తన వంతు చెప్పేసి, ఇంటికి పోకుండా వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. లోపల్నుంచి ఎవరు బయటికొచ్చినా ఒకటే ప్రశ్న.

"నీకెన్నయ్యా?"

"పద్నాలుగండీ, నా కర్మ."

"నాకూ పద్నాలుగే" అని తృప్తిగా ఫ్లాస్కు మూత తిప్పుకునేవారు.

పోస్టర్లు అంటించేశారు, విడుదల తేదీ మూడు వారాల్లోకి వచ్చింది, మాకు సగం పని మిగిలే ఉంది. నిర్మాతగారు ఊడిపడ్డారు.

"ఎవరివల్ల ఆలస్యం? పేరు చెప్పండి, ఇవాళే మార్చేద్దాం."

"అందరూ బాగానే చెబుతున్నారండీ" అన్నాడు బావ.

"మరి పదిహేడుసార్లెందుకయ్యా?"

"ఇంకా బాగా చెబుతారని."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. నిర్మాతగారు బావ వంక అలాగే చూశారు. బావ గదిలోంచి వెళ్ళాక నన్ను పక్కకి పిలిచి, "శుక్రవారం దాకా చూస్తాను. అసలు కారణం కనుక్కుని చెప్పు. పని నడవకపోతే మిగతా సినిమా ఇంకో డైరెక్టరుకి ఇచ్చేస్తాను. మీ బావ కాబట్టి ముందుగా చెబుతున్నా" అన్నారు.

నాకు బావ మీద కోపం ఉన్నమాట నిజం. కానీ ఎనిమిదేళ్ళ కల ఇలా మొండితనంతో చేజార్చుకుంటాడా అని అంతకంటే ఎక్కువ బాధేసింది. టేకుల కాగితాలు చూద్దామని నేరుగా సౌండింజనీరు గదిలోకి వెళ్ళాను. ఆయన మాట్లాడటం తక్కువ. చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీస్తే అది పెద్ద విశేషం.

"నా బాతుది ఏ టేకు వాడారండీ? పదిహేడోదేనా?"

"ఒకటోది."

"చిలుకది?"

"ఒకటోది."

"నక్కది?"

"అందరిదీ ఒకటోదే. మొదటిరోజు నుంచీ."

నాకు ఒళ్ళు మండింది. "మరి మిగతా పదహారూ మమ్మల్ని ఎందుకు ఏడిపించినట్టు?"

ఆయన కాగితాల కట్ట నా ముందుకి తోశాడు. వరసగా చూశాను. ఒక్క గాడిద గడిలోనే అంకెలు వేరేగా ఉన్నాయి. తొమ్మిది. పద్నాలుగు. పదిహేడు. ఒకచోట మూడు టేకుల ముక్కలు కలిపి ఒక వాక్యం. తర్వాత ఆయన హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టి ఒక బటను నొక్కాడు.

"కొరడా మారింది..." అంది పెద్దాయన గొంతు. ఆగింది. "చెయ్యి... చెయ్యి అదే." మళ్ళీ. "కొరడా అదే..." పెద్ద నిశ్శబ్దం. "ఏమిటయ్యా తర్వాత?" వెంటనే బావ గొంతు, ఏమీ జరగనట్టు, "బాగుందండీ. ఇంకోటి."

"కిందటేడు ఇంకెక్కడో, పెద్దాయన నాలుగోసారి తప్పు చెప్పగానే, నలుగురిలో ఆయన చేతిలో కాగితం లాగేసుకున్నారట. ఇంటికెళ్ళిపోయి మళ్ళీ మైకు ముందుకి రాలేదు. మీ బావ వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు" అన్నాడు సౌండింజనీరు. నేను ఆయన నోట విన్నవాటిలో ఇదే పెద్ద ప్రసంగం. "పొద్దున ఆయనకి ఎన్ని పడితే, ఆ రోజు అందరికీ అన్ని."

బావకి ఆ పిచ్చి ఉందని ఊరందరికీ ముందే తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పెళ్ళి ఫొటో కాడ నుంచీ సంపాదించుకున్న చెడ్డపేరునంతా తెచ్చి ఆ ముసలాయన కోసం ఖర్చుపెడుతున్నాడు. నాకు సిగ్గేసింది. బాతు మీద జాలి పూర్తిగా పోయింది.

అయినా మంచితనంతో విడుదల తేదీ వెనక్కి జరగదు కదా. ఆ సాయంత్రమే నక్కనీ చిలుకనీ టీకొట్టుకి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. నక్క, "అయ్యో, మీ అక్కయ్యగారిని అనవసరంగా అనుమానించాం" అన్నాడు. ఉపాయం కూడా అతనిదే.

మర్నాడు పెద్దాయనకి పదిహేను పడ్డాయి. తర్వాత నక్క లోపలికెళ్ళాడు. బావ మైకులో "బాగుంది. ఇంకోటి" అన్నాడు. నక్క అదే డైలాగు మళ్ళీ చెప్పకుండా పేజీ తిప్పి తర్వాతి సీను చెప్పాడు. బావ తెల్లబోయాడు. సౌండింజనీరు కదలకుండా కూర్చున్నాడు. నేను గోడకున్న గడియారాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాను.

బావ నా వంక చూశాడు, అద్దం అవతల నక్క వంక చూశాడు. గొంతు సవరించుకుని, "బాగుంది" అన్నాడు. "ఇంకోటి."

నక్క ఇంకో పేజీ తిప్పాడు.

అలా పదిహేను టేకులు పట్టే సమయంలో పదిహేను సీన్లు అయిపోయాయి. నక్క జుట్టు చెరుపుకుని, చొక్కా గుండీ ఒకటి విప్పుకుని, కాళ్ళీడ్చుకుంటూ వరండాలోకి వచ్చాడు.

"నీకెన్నయ్యా?"

"పదిహేనండీ. ప్రాణం తీశాడు."

"నాకూ అంతే" అన్నారు పెద్దాయన, ఫ్లాస్కులో టీ అతనికి కూడా పోస్తూ.

శుక్రవారానికి మూడొంతుల పని అయింది. నిర్మాతగారు వచ్చి చూసుకుని, "చూశావా, భయపెడితేనే పని జరుగుతుంది" అని నాకు లోకజ్ఞానం బోధించి వెళ్ళారు. బావ నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. ఆ వారమంతా ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు నా కంచంలో ముందు వడ్డించమన్నాడు. మా ఇళ్ళలో అదే కృతజ్ఞత.

ఆఖరి రోజు మిగిలింది గాడిద ఆఖరి డైలాగు. మొదట్లో తీసినవేవీ బావకి నచ్చలేదు. ఇరవై రెండుసార్లు పట్టింది. ఇరవై రెండోసారి పెద్దాయన కాగితం వంక చూడలేదు. "కొరడా అదే" అని, కాస్త ఆగి, "చెయ్యి మారింది" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు.

బావ ఒక్క "బాగుంది"తో ఆపేశాడు.

నేను పెద్దాయన్ని గేటు దాకా సాగనంపడానికి వెళ్ళాను. ఆయన అటూ ఇటూ చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించారు.

"ఏమయ్యా, నీకో సంగతి చెబుతాను, నీలోనే ఉంచుకో. మీ బావ మంచివాడు. కానీ పాపం, ఏ టేకు బాగుందో పోల్చుకోలేడు. మొదటిసారే బ్రహ్మాండంగా చెప్పినా ఇంకోటి అంటాడు."

"అవునండీ, ఆయనకదో జబ్బు."

"అందుకే నేను మొదటి టేకుల్లో కావాలనే తప్పులు చెప్పేవాణ్ణి. నేను తప్పు చెబితే అతను ఇంకోటి అనడానికి ఒక కారణం ఉంటుంది కదా. లేకపోతే నలుగురిలో అతని పరువేం కాను? నిర్మాత ఊరుకుంటాడా? ఈ మాట అతనికి తెలియనివ్వకు, చిన్నబుచ్చుకుంటాడు."

చెప్పనని మాటిచ్చాను. లోపలికెళ్ళి రెండు నిమిషాల్లో చెప్పేశాను.

బావ కాగితాలు సర్దుతున్నవాడల్లా ఆగి, కుర్చీలో కూలబడ్డాడు. నవ్వుతాడో ఏడుస్తాడో అర్థంకాక సౌండింజనీరు హెడ్‌ఫోన్లు కూడా తీసేశాడు.

"అయితే అవన్నీ నటనేనంటావా?" అన్నాడు బావ. "ఎంత గొప్ప నటుడోయ్! ఒక్కచోట కూడా దొరకలేదు."