పది నిమిషాల సగటు

నా డైరీల్లో ప్రతి పేజీ మొదటి వరుస ఒకేలా ఉంటుంది: గాలి ఎటు నుంచి, ఎంత వేగం, ఆకాశం ఎలా ఉంది. ఆ తరువాతే ఇంట్లో ఏం వండారు, ఎవరు వచ్చారు, ఎవరికి జ్వరం. గన్నవరం విమానాశ్రయం దగ్గర వాతావరణాన్ని పరిశీలించి రాసే ఉద్యోగం ముప్పై ఏళ్లకు పైగా చేశాను. రిటైరైనా చెయ్యి ఊరుకోలేదు.

అక్కడ నేర్పిన పద్ధతులు రెండింటిని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. గాలి వేగం రాయాలంటే యంత్రం ముల్లును పది నిమిషాలు చూసి సగటు రాయాలి. ముల్లు ఒక్క క్షణం ఎగిరి తాకిన అంకె రాయకూడదు. ఇది మొదటిది. రాసింది తప్పని తేలితే చెరపకూడదు. ఒకే గీతతో కొట్టేసి, పైన సరైన అంకె వేసి సంతకం చేయాలి. పక్కన ఇంకొకరు కూడా సంతకం పెట్టాలి. కొట్టేసిన అంకె ఎప్పటికీ చదవడానికి వీలుగా ఉండాలి. ఇది రెండోది.

గాలి ఎంత ఉందో చెప్పడానికి మనిషికి నెలనెలా జీతమిచ్చి, ఆపైన పెన్షన్ కూడా ఇచ్చే దేశం ఇదొక్కటేనని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను డాబా మీద గాలి కొలిచే చేతియంత్రం పట్టుకుని నిలబడితే, ఆరేసిన చీర ఎటు ఎగిరితే గాలి అటే కదా అనేది.

నేను రిటైరైన కొత్తల్లో, తొంభైల చివర్లో, మా తమ్ముడి కూతురు డిగ్రీ చదవడానికి విజయవాడలో మా ఇంటికి వచ్చి ఉంది. తమ్ముడిది చల్లపల్లి దగ్గర వ్యవసాయం. పిల్ల సన్నగా, చురుగ్గా ఉండేది. మెట్లు దిగేటప్పుడు చివరి నాలుగూ ఒకేసారి దూకేది. కాలేజీలో క్యాడెట్ల దళంలో చేరిన రెండో నెలలో ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పెద్దవాళ్ల అనుమతి పత్రం. పారాసెయిలింగ్‌కి. అంటే గుడ్డ గొడుగును మనిషి నడుముకీ భుజాలకీ కట్టి, పొడవాటి తాడుతో జీపుకి తగిలిస్తారు. జీపు పరిగెడితే గొడుగు గాలి నింపుకుని మనిషిని పైకి లేపుతుంది. పైకి వెళ్లాక ఆ మనిషే తాడు విడిపించుకుని, నేల మీద సున్నంతో గీసిన వలయంలో దిగాలి.

సంతకం చేయాల్సింది తమ్ముడు. అతనికి గాలి అంటే భయం. ఆ భయానికి కారణం ఉంది. ఉప్పెన వచ్చిన ఏడు అతను దివిసీమలో చుట్టాలింట్లో ఉండి, ఇంటి దూలాన్ని పట్టుకుని బతికాడు. కాగితం తీసుకుని ఇద్దరం వాళ్ల ఊరు వెళ్లాం. దాన్ని చేతిలో పెట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చున్నాడు. చివరికి నన్ను పిలిచాడు.

"అన్నయ్యా, నాకు ఆ జీపు తెలీదు, గొడుగు తెలీదు. గాలి మాత్రం తెలుసు. నువ్వు దగ్గరుండి కొలిచి పర్లేదంటే ఎగరమను. కాదంటే ఇంటికి తీసుకొచ్చెయ్. నీ మాట మీదే సంతకం పెడుతున్నా."

అలా ఆదివారాలు మా ఇద్దరికీ గన్నవరం బస్సు అలవాటైంది. వరి కోసేసిన ఖాళీ పొలాల్లో జీపు పరిగెత్తేది. పక్కన కర్రకు కట్టిన గాలిగుడ్డ గాలి దిశ చూపేది. దళానికి ఉన్న గాలి యంత్రం పాడై చాలాకాలమైంది. బాగుచేయించే దాకా నన్నే కొలవమని వాళ్ల ఆఫీసరు అడిగాడు. తరువాత ఎవరూ బాగుచేయించలేదు. గంటకు ఇరవై కిలోమీటర్లు దాటితే ఎవరూ ఎగరకూడదని నియమం. నేను అంకె చెబితే ఆఫీసరు చెయ్యెత్తేవాడు లేదా దించేవాడు. నా అంకెను ఎవరూ మళ్లీ అడిగేవారు కాదు.

పిల్లకు గాలి వంటబట్టింది. ఇంకో మాట నాకు దొరకడం లేదు. మిగిలిన పిల్లలు పైకి వెళ్లగానే తాడు పట్టుకుని బిగుసుకుపోయేవారు. ఈమె భుజాలు వదులు చేసి, గాలి ఎటు నెడుతుందో ముందు కాసేపు కనిపెట్టేది. తరువాతే దానికి ఎదురు తిరిగేది. నెల తిరిగేసరికి పదిసార్లలో ఎనిమిదిసార్లు వలయంలోనే దిగింది. ఇంటికొచ్చాక మోకాళ్లకు అంటిన మట్టి చూసి మా ఆవిడ, పంట లేని పొలంలో పడడానికి ఇంత చదువు దేనికే అని వెక్కిరిస్తూనే మూడో పెసరట్టు వేసేది.

ఆ చదువు ఏడాది చివర్లో ఎంపిక జరిగింది. బయటి నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. మా ప్రాంతం నుంచి ఒక్క అమ్మాయిని తీసుకుంటారు. ఆ అమ్మాయి ఉత్తరాదిన జరిగే శిబిరానికి వెళ్లి, విమానం నుంచి పారాచూట్‌తో దూకడం నేర్చుకుంటుంది. అప్పటికి నెలలుగా పిల్ల ఈ శిబిరం మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ఆమె వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. ఈమెకు ముందు ఎగిరిన అమ్మాయి వలయంలోనే దిగింది కానీ, గొడుగు వెంటనే ముడుచుకోక ఆమెను కొంత దూరం వరి మోళ్ల మీద ఈడ్చింది. మోచేతులు గీసుకుపోయాయి, అంతే. లేచి నవ్వింది కూడా. నాకు మాత్రం ఆ ఈడ్చుకుపోవడంలో తమ్ముడి మొహం కనపడింది.

యంత్రం పైకెత్తి ముల్లును చూశాను. పదిహేను, పదహారు, పదిహేడు. మళ్లీ పదహారు. ఒక్కసారి మాత్రం విసురు వచ్చి ఇరవై నాలుగు తాకి వెనక్కి వచ్చేసింది. పది నిమిషాలు పూర్తయ్యాయి.

"ఎంతండీ?" అని ఆఫీసరు అడిగాడు.

"ఇరవై నాలుగు," అన్నాను.

ఆయన చెయ్యి దించేశాడు. పెద్ద ఆఫీసరు సాయంత్రం రైలుకు వెళ్లిపోవాలి, ఆగే వీల్లేదు. అంతకుముందు ఎగిరిన అమ్మాయిని ఎంపిక చేశారు. మా పిల్ల బకిల్స్ ఒక్కొక్కటే విప్పుకుని, గొడుగును ఇంకెవరికీ ఇవ్వకుండా తనే మడత పెట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, విజయవాడ దగ్గరపడే ఎనికేపాడు దాకా బయటి పొలాలే చూసింది. తరువాత, ఆకలేస్తోంది పెదనాన్నా, అంది.

ఆ సాయంత్రం డైరీలో ఇరవై నాలుగు అని రాశాను. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ముల్లు నిజంగానే ఆ అంకెను తాకింది. కానీ ఉద్యోగంలో ఉన్నప్పుడు కొత్తగా చేరిన కుర్రవాడెవరైనా అలా రాసి ఉంటే, అతన్ని పక్కన నిలబెట్టి మళ్లీ కొలిపించేవాడిని. ఆ సంగతీ నాకు తెలుసు.

మరుసటి ఏడు మా ప్రాంతానికి శిబిరంలో చోటు రాలేదు. ఆ తరువాత ఆమె చదువు అయిపోయింది.

సాహస క్రీడలు ఏర్పాటు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లింది. రెండేళ్లకు వాళ్లు శిక్షణ కోసం విదేశం పంపుతామన్నారు. అక్కడ ఇంటి లోపలే ఆకాశంలో ఎగిరినట్టు ఎగరడం నేర్పుతారట. గుండ్రటి గాజు గది. కింద వల. గాలి కింది నుంచి పైకి కొడుతుంది, మనిషి దాని మీద తేలతాడు. తమ్ముడు ఫోన్‌లో ఒకే ప్రశ్న అడిగాడట, అక్కడ గాలి ఎవరు చూస్తారని. యంత్రమే పుట్టిస్తుంది, ఒక మనిషి మీట తిప్పి ఎంత కావాలంటే అంత పెడతాడు అని చెప్పిందట. నాలుగు గోడల మధ్యేగా, వెళ్లు, అన్నాడు. మొదటిసారి నన్ను అడగకుండా ఒప్పుకున్నాడు.

అక్కడే శిక్షకురాలిగా ఉండిపోయింది. మొదటి పోటీలో అందరికన్నా చివర నిలిచానని ఉత్తరం రాసింది. రెండో ఏడు మధ్యలో ఉంది. మూడో ఏడు ఒంటరిగా ఎగిరే విభాగంలో మొదటి స్థానం వచ్చింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు లేవు. పోటీ సీడీ పంపితే ఎదురింటివాళ్ల కంప్యూటర్‌లో చూశాం. తల కిందికి, కాళ్లు పైకి, గుండ్రంగా తిరుగుతూ, అరచేతిని కాస్త వంచగానే పక్కకు జారుతూ, గాజును తాకకుండా మళ్లీ మధ్యకు వచ్చేది. మా ఆవిడ, ఇది పడుతోందా లేస్తోందా అని అడిగింది. నేను ఆ గదిలో గాలి దిశ చూపే గుడ్డ కోసం వెతుకుతున్నాను. అక్కడ దాని అవసరం లేదు. విసురు లేని గాలి అది. పది నిమిషాలు చూసినా ఒకే అంకె. ముప్పై ఏళ్లలో నేను అలాంటి గాలిని ఒక్క నిమిషం కూడా చూడలేదు.

ఆ గెలుపు తరువాత రెండు వారాలు సెలవు మీద వచ్చింది. ఎవరో పత్రికవాళ్లు ఆమె మొదటిసారి ఎగిరిన తేదీ అడిగారట. పెదనాన్న డైరీలో ఉంటుంది అని చెప్పి, ఉదయం టిఫిన్ కాగానే నా బీరువా ముందు కూర్చుంది. ఆ ఏటి డైరీ తీసిచ్చాను. మొదటిసారి ఎగిరిన రోజు దొరికింది, రాసుకుంది. తరువాత పేజీలు ముందుకు తిప్పడం మొదలుపెట్టింది. ఇంకొన్ని నెలల పేజీలు తిప్పితే ఎంపిక జరిగిన రోజు వస్తుంది. తను అక్కడికి చేరకముందే చెప్పేయాలనిపించింది. చెప్పాను. సగటు పదహారు అని, నేను పదహారు చూసి ఇరవై నాలుగు చెప్పానని.

ఆమె తిప్పడం ఆపలేదు. ఆ పేజీ దొరికాక దాని మీద చెయ్యి పెట్టింది.

"నాకు తెలుసు పెదనాన్నా. గాలిగుడ్డ సగమే లేచింది. ఇరవై నాలుగైతే దాదాపు పూర్తిగా అడ్డంగా లేవాలి కదా. నేను జీపు దగ్గరే ఉన్నానుగా."

"మరి అప్పుడే అనలేదేం?"

"అంటే నాన్నకి తెలిసేది. మీ మాట కూడా నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాడు? నన్నిక ఎప్పటికీ ఎగరనిచ్చేవాడు కాదు."

ఇరవై ఏళ్లయినా నిండని పిల్ల బస్సు కిటికీ పక్కన ఇంత ఆలోచించింది. నేను ఆ రోజు డైరీలో, పిల్ల నిరాశపడినా త్వరగానే సర్దుకుంది, అని రాసుకున్నాను. ఆ వాక్యం కూడా ఆమె చెయ్యి పక్కనే ఉంది.

పెన్ను తీసి ఇరవై నాలుగును ఒక గీతతో కొట్టేశాను. పైన పదహారు వేసి సంతకం చేశాను. పద్ధతి చెప్పి, రెండో సంతకం ఆమెను పెట్టమన్నాను. ఆమె పెన్ను అందుకుంది.

"పెడతాను. కానీ విమానం నుంచి దూకే అవకాశం మాత్రం నాకు మళ్లీ రాలేదు పెదనాన్నా. ఆ గదిలో ఎన్నిసార్లు గెలిచినా అది దూకడం కాదు. అది కూడా మీకు తెలియాలి."

తెలుసన్నాను. సంతకం పెట్టి, కింద సంతకం చేసిన రోజు తేదీ వేసింది.

నాన్నకు చెప్పొద్దని అడిగింది. ఆ వారంలోనే తమ్ముడు ఫోన్ చేశాడు. పొలానికి మందు కొట్టించాలి, రేపు గాలి ఎలా ఉంటుందని. ఇక్కడి గాలి చూసి చెబుతానని డాబా ఎక్కాను. పది నిమిషాలు పూర్తిగా నిలబడ్డాను. మధ్యలో ఒక విసురు వచ్చింది, దాన్ని పోనిచ్చాను. కిందికి వచ్చి మళ్లీ ఫోన్ చేసి సగటు చెప్పి, మీ ఊళ్లో ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు, పొద్దున్నే కొట్టించెయ్ అన్నాను.

"నువ్వు చెప్పావుగా, చాలు," అని పెట్టేశాడు.

ఆ రోజు డైరీలో మొదటి వరుస రాశాను. దాని కింద తమ్ముడి మాట రాశాను. ఆ తరువాత రాయాల్సిన వాక్యం తమ్ముడికి ఆ ఇరవై నాలుగు సంగతి చెప్పాకే రాయాలని ఒక వరుస ఖాళీగా వదిలాను. అది ఇంకా ఖాళీగానే ఉంది.