పెడల్ మీద కాలు

మా అన్నయ్య పోయినప్పుడు నేను పిలిస్తే పలికే దూరంలో ఉన్నాను. ఆయన వ్యాను వెనక చక్రం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. నేను డ్రైవరు సీట్లో, బ్రేకు పెడల్ తొక్కిపట్టి కూర్చున్నాను. వదలమని ఆయన చెప్పాలి. చెప్పేదాకా నేను వదలకూడదు. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి మధ్యా ఉన్న పద్ధతి అది.

ఆ వ్యాను మా నాన్న కొన్నది. మొదట్లో ధాన్యం మోసింది. పొలం చేపల చెరువయ్యాక చేపల మేత మోసింది. దాన్ని అమ్మేయమని చెప్పని చుట్టం లేడు. అన్నయ్య వినేవాడు, మర్నాడు వెళ్ళి దానికి ఇంకో సామాను కొనుక్కొచ్చేవాడు. నాలుగు చక్రాలకూ పాతకాలం డ్రమ్ము బ్రేకులే. చక్రంతో తిరిగే డ్రమ్ము లోపల రెండు షూలుంటాయి. పెడల్ తొక్కితే అవి విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి పట్టుకుంటాయి. వాటికి కొత్త లైనర్లు, అంటే రాపిడికి అరిగే పట్టీలు, వేసినప్పుడల్లా షూలు రెండూ డ్రమ్ముకు సమానంగా ఆనేట్టు కూర్చోబెట్టాలి. అందుకు ఇద్దరు మనుషులు కావాలి. చక్రం దగ్గరున్న మనిషి వెనకాల నట్టు సడలించి తొక్కమంటాడు. సీట్లో ఉన్న మనిషి తొక్కితే షూలు వాటంతట అవే సరైన చోటికి వస్తాయి. అలా తొక్కిపట్టి ఉండగానే నట్టు బిగించి, అప్పుడు వదలమంటాడు. నట్టు బిగియకముందే కాలు తీస్తే షూలు జరిగిపోతాయి. పని మళ్ళీ మొదటికొస్తుంది.

చిన్నప్పుడు ఒకసారి నేను తొందరపడి కాలు తీసి చీవాట్లు తిన్నాను. తరవాత ఎప్పుడూ తీయలేదు. నేను తాడేపల్లిగూడెం కాలేజీలో పాఠాలు చెబుతాను. కాపురం ఏలూరులో. ఆదివారం పెదపాడు దాటి మా ఊరు వెళితే, వచ్చినవాళ్ళకి అన్నయ్య నన్ను చూపించి, "మావాడు ఎన్ని పుస్తకాలు చదివాడో నాకు తెలీదండీ, పెడల్ మీద కాలు పెట్టడంలో మాత్రం వీణ్ణి మించినోడు లేడు" అనేవాడు. అది మెచ్చుకోలో వేళాకోళమో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ ఆదివారం వెనక చక్రాలు రెండిటికీ కొత్త లైనర్లు వేశాడు. ఎడమ చక్రంతో మొదలుపెట్టాడు. వ్యాను ఎప్పటిలాగే ఇంటి పక్క సందులో, ముక్కు చెరువు వైపు, వెనక భాగం పెరటి వైపు ఉండేట్టు నిలబెట్టి ఉంది. "తొక్కరా" అన్నాడు. తొక్కాను. కాసేపటికి పక్కవాళ్ళ చెరువు గట్టు మీద నీళ్ళు తోడే ఇంజను స్టార్టు చేశారు. కొల్లేరు వైపు నుంచి గాలి. ఆ చప్పుడంతా తిన్నగా నా మొహాన కొడుతోంది. నేను మర్నాటి పాఠం గురించి ఆలోచించుకుంటున్నాను.

పిక్క లాగడం మొదలైంది. ఈసారి నట్టు మొండికేసిందనుకున్నాను. వేరే స్పానరు కోసం లోపలికి వెళ్ళాడేమో అనుకున్నాను. "వదలనా?" అని ఒకసారి గట్టిగా అడిగాను. జవాబు రాలేదు. రాలేదంటే ఇంకా వద్దని అర్థం. రెండో కాలు కూడా పైన వేసి తొక్కిపట్టాను.

వదినగారు వచ్చి నా వైపు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. నేను ఆవిడతో, "కాస్త ఆగండి, అన్నయ్య ఇంకా వదలమనలేదు" అన్నాను.

ఆ మాట నేను అన్నాను. నవ్వుతూనే అన్నాను.

అన్నయ్య మడ్‌గార్డుకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. స్పానరు ఒళ్ళో ఉంది. అంబులెన్సులో ఏలూరు తీసుకెళ్ళాం. గుండె ఒక్కసారిగా ఆగిపోయిందనీ, పక్కనే మనిషి ఉన్నా చేయగలిగింది ఉండేది కాదనీ డాక్టరు చెప్పారు. ఆయన మాట నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. పరామర్శకు వచ్చినవాళ్ళు సుఖమైన చావన్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేదు. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. ఆయన నన్ను పిలిచాడా? పిలిస్తే నాకు వినపడలేదా?

అది ఎవరినీ అడగలేకపోయాను. సమాధానం ఎక్కడుందో మాత్రం తెలుసు. చక్రం వెనక నట్టు సడలి ఉంటే ఆయన పని మధ్యలో పోయినట్టు. బిగిసి ఉంటే పని పూర్తయినట్టు, ఆ తరవాత మిగిలింది వదలమని చెప్పడమే. స్పానరు వేసి ఒకసారి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. కర్మకాండ జరిగినన్నాళ్ళూ రోజూ ఆ వ్యాను పక్క నుంచే నడిచాను. చూడలేదు. రాత్రిళ్ళు చదువుకునే అలవాటు పోయింది. పేజీ తెరిస్తే నట్టే కనపడేది.

కర్మ అయ్యాక చెరువు కౌలుకిచ్చాం. కౌలుకు తీసుకున్నాయన వ్యాను కూడా కావాలన్నాడు. వదినగారు సరేనన్నారు. గుండుగొలను నుంచి, అన్నయ్య ఎరిగిన మెకానిక్కును పిలిపించాను. వాగుడుకాయ. వస్తూనే వ్యాను చుట్టూ తిరిగి, "అన్నగారు దీన్ని ఎద్దులా మేపేరండి. కడగడం కూడా నా చేత చేయించుకునేవారు కాదండి, అంత అనుమానం" అన్నాడు. ఆ రోజు కూడా పక్క చెరువు ఇంజను నడుస్తూనే ఉంది. నేను పెరటి వైపు, చక్రం దగ్గర నిలబడ్డాను. వదినగారు పెరటి అరుగు మీద కూర్చున్నారు.

అతను ఎడమ చక్రం కిందికి దూరి స్పానరు వేశాడు.

"ఈ పక్క అయిపోయిందండి మేస్టారూ. గట్టిగా బిగించేశారు. ఇంక మీరు వదలడమే మిగిలిం..." అని, ఎవరితో ఏం అంటున్నాడో తట్టి ఆగిపోయాడు. తరవాత కుడి చక్రం వైపు వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళి అరుగు అంచున కూర్చున్నాను. వదినగారు నా వైపు చూడకుండా మాట్లాడారు.

"పిలిచారండీ. నేను విన్నాను."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"ఇక్కడే, పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మామూలుగానే పిలిచారు. వదలరా, అని. గొంతులో ఏ తేడా లేదు. ఒక్కసారే అన్నారు." కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు, తడి ఏమీ లేకపోయినా. "మీకు వినపడకపోతే ఇంకోసారి పిలుస్తారు కదా. పిలవలేదు. మీరు వదిలేశారనుకుని మజ్జిగ కలపడానికి లోపలికి వెళ్ళాను."

ఇన్నాళ్ళూ ఆవిడ ఈ మాట నాకు చెప్పకుండా దాచింది నా కోసమేనని మొదట అనుకున్నాను. ఆవిడ తరవాత అన్నది వినేవరకూ అలాగే అనుకున్నాను.

"రెండోసారి ఎందుకు పిలవలేదా అని నాకు తట్టాలి. పాతికేళ్ళు కాపురం చేశాను. ఆయన దేనికీ ఒక్కసారి పిలిచి ఊరుకునే మనిషి కాదు."

మా ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. ఆ మాట విని నేను నిర్ఘాంతపోయాను. ఆయన పిలిచాడన్నందుకు కాదు. నా ప్రశ్న నన్ను తిన్నన్నాళ్ళూ, అదే క్షణం గురించి, అదే ఇంట్లో ఇంకో ప్రశ్న ఆవిడను తింటూ ఉంది. నేను ఆవిడ పెట్టిన అన్నం తింటూ ఎదురుగా కూర్చున్నాను, నాకు తెలియలేదు.

కుడి చక్రం నట్టు సడలించి మెకానిక్కు తలెత్తాడు. పెడల్ తొక్కడానికి ఒకరు కావాలన్నాడు. నేను లేచాను గానీ అడుగు పడలేదు. వదినగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని డ్రైవరు సీట్లోకి ఎక్కారు. ఆ సీట్లో ఆవిడ కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. మెకానిక్కు తలుపు దాకా వెళ్ళి, ఏ పెడలో చూపించి, "గట్టిగా తొక్కండమ్మా. నేను చెప్పేదాకా తియ్యకండి" అని చెప్పి వెనక్కి వచ్చాడు.

నట్టు బిగించాడు. "వదలండమ్మా" అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు స్పష్టంగా వినపడింది. ఆవిడ కదలలేదు. "అమ్మా, వదలండీ" అని ఈసారి గొంతు పెంచాడు. ఆవిడ తల అటే, చెరువు వైపే ఉంది. మెకానిక్కు నా వైపు చూశాడు.

నేను ముందుకు వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంజను మోత అక్కడ రెండింతలుంది. నన్ను చూసి ఆవిడ, "పిలిచాడా?" అని అడిగారు.

"రెండుసార్లు."

ఆవిడ వెనక్కి తిరిగి చక్రం వైపు చూశారు. సీట్లోంచి చక్రం కనపడదు. మళ్ళీ ముందుకు తిరిగారు.

"అయితే ఇక్కడికి వినపడదు" అన్నారు.

కాలు మాత్రం పెడల్ మీదే ఉంది. తొడ వణుకుతోంది. మెకానిక్కు వెనక నుంచి మళ్ళీ ఏదో అంటున్నాడు. అతని మాట ఇక్కడికి అందడం లేదు. చెప్పాల్సింది నేనే.

"ఇక వదలండి" అన్నాను.