కొండవీడు కోటలో సుశీల పెళ్ళి

మా స్కూల్లో లెక్కలు చెప్పే సుశీల, నేనూ ఓ సాయంత్రం గుంటూరు నెట్ సెంటర్లో కూర్చుని స్కాట్లాండులోని ఒక పాత కోట ఫొటోలు చూశాం. దాన్ని పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారట. "మనకి కొండవీడు లేదూ?" అంది సుశీల. భర్త పోయిన ఎనిమిదేళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకుంటోంది. కల్యాణమండపంలో అందరి చూపులూ భరించడం ఆమెకిష్టం లేదు. పత్తి మిల్లులో పనిచేసే ప్రసాద్ గారికి ఇది మొదటి పెళ్ళి. ఆయన వెంటనే సరేనన్నారు. ఆయన తల్లి వెంకాయమ్మ గారు మాత్రం వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం ముహూర్తం. ఆ రోజు పొద్దున్నే పెళ్ళివాళ్ళం కొద్దిమందిమి నల్లపాడులో పాసింజరెక్కి ఫిరంగిపురంలో దిగాం. టికెట్టు పది రూపాయల లోపే. అక్కడి నుంచి కొండ కిందికి ఆటో, రానూపోనూ నూట యాభై. "కోటలో పెళ్ళా మేడం? మేకలు కాసుకునేవాళ్ళు తప్ప అక్కడికెవరూ పోరండీ," అన్నాడు డ్రైవరు. రాళ్ళదారిలో ఎక్కడానికి గంటన్నర పట్టింది. పైన పాడుబడ్డ గుడి, కూలిన గోడలు. కింద కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టున్నాయి.

తొమ్మిదిన్నరకి ప్రసాద్ గారి తమ్ముడు రొప్పుతూ వచ్చి, అమ్మ వచ్చింది గానీ కిందే కూర్చుందని, ఎక్కలేనంటోందని చెప్పాడు. ముహూర్తానికి ఇంకా గంటే ఉంది. ప్రసాద్ గారు లేవబోతే సుశీల ఆపి, పెళ్ళిచీరతోనే దిగడం మొదలుపెట్టింది. ఆ తమ్ముడూ, నేనూ వెంట వెళ్ళాం.

కొండ మొదట్లో ఉన్న కోట గుమ్మం పక్కన రాయి మీద కూర్చున్న వెంకాయమ్మ గారు మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నారు. "మోకాళ్ళ నొప్పులు. మీరు కానిచ్చుకోండి."

సుశీల ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "మోకాళ్ళేనా అత్తయ్యా?"

ఆవిడ కొండదారి వైపు చూశారు. "ఊళ్ళోవాళ్ళు అడిగితే ఏం చెప్పనే? నేను చూళ్ళేదు, కొండ మీద జరిగిందంట అని చెబుదామనుకున్నా."

"మీరు చూడకుండా నేను తాళి కట్టించుకోను."

అప్పుడు ఆవిడ చూపు సుశీల పాదాల మీద పడింది. "చెప్పులేవే?"

"పైన గుడి దగ్గర వదిలేశా."

"పిచ్చిదానా!" అంటూ ముల్లు దిగిన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఆ ముల్లు లాగి, చెంగుతో నెత్తురు తుడిచారు. తర్వాత చిన్న కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, పైకెళ్ళి అందర్నీ దిగమను. పెళ్ళి ఇక్కడే," అన్నారు.

అందరూ దిగేసరికి అనుకున్న ముహూర్తం దాటిపోయింది. పంతులు గారు కాస్త గొణిగి, పంచాంగం తిరగేసి మరో లగ్నం చూశారు. మొండిగోడ నీడలో తాళి కట్టారు ప్రసాద్ గారు. అక్షింతలు పడుతుంటే మేకలు తోలుకెళ్తున్న ఒకాయన ఆగి, "ఎవరమ్మా పెళ్ళికూతురు?" అని అడిగాడు. "నా కోడలయ్యా! టీచరు," అన్నారు వెంకాయమ్మ గారు, చుట్టుపక్కల అందరికీ వినపడేలా.

పైనుంచి కనిపించే దృశ్యం కోసం బయలుదేరినవాళ్ళం, పెళ్ళి కిందే చేసుకుని తిరిగొచ్చాం. నాకేమీ వెలితిగా అనిపించలేదు. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: పైన తాగునీళ్ళు దొరకవు, మనిషికి రెండు సీసాలు మోసుకెళ్ళండి, ఎండెక్కకముందే ఎక్కండి. పెళ్ళికే వెళ్తుంటే మాత్రం, ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతవరకు ఎక్కగలరో ముందే కూర్చుని అడగండి.