ఏ బండిలో తీసుకుపోయారో ఆ బండిలోనే

కరోనా తగ్గి విమానాలు మళ్లీ తిరగడం మొదలైన ఏడాది నేను ఇంగ్లండ్‌లో ఉన్నాను. మాది బీదర్ దగ్గర చిమ్కోడ్. పసిపిల్లలకు లాలపోయడం నా పని. చుట్టుపక్కల ఏ ఇంట్లో కాన్పు అయినా, డాక్టరు తర్వాత పిలుపు నాకే వస్తుంది. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను కాబట్టి చుట్టు తిప్పి రాయడం నాకు రాదు.

సునీత బీదర్ పిల్ల. పుట్టినప్పుడు ఆమెకు నీళ్లు పోసింది నేనే. పెళ్లయ్యాక ఇంగ్లండ్‌లో కాపురం పెట్టింది. తల్లి లేదు. నెలలు నిండుతుంటే ఫోన్‌లో ఒకటే ఏడుపు, "అవ్వా, నువ్వే రావాలె" అని. పోయాను. బిడ్డ పుట్టింది.

లాలపోయడం తెలియనివాళ్లకు చెబుతాను. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టాలి. నూనె పట్టించి, నలుగు పెట్టి, కుడిచేతిని ఎడమకాలికి, ఎడమచేతిని కుడికాలికి తాకిస్తూ ఒళ్లు సాగదీయాలి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఏడ్చి అలిసి, సాంబ్రాణి వాసన తగలగానే హాయిగా నిద్రపోతుంది. ఇదంతా తలుపు వేసుకునే చేస్తాం. గాలి తగలకూడదు, దిష్టి అసలే తగలకూడదు.

ఆ రోజు సునీత మందుల షాపుకు పోయింది. భర్త ఆఫీసులో ఉన్నాడు. నేను తలుపు వేసి, పరదాలు మూసి, సాంబ్రాణి వెలిగించి నీళ్లు పోస్తున్నాను. అక్కడ ఇళ్ల పైకప్పుకు స్మోక్ అలారం అని ఒక డబ్బా ఉంటుంది. పొగ తగిలితే చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. అది కూసింది. బిడ్డ రెండింతలు ఏడ్చింది. ఎవరో తలుపు బాదారు. తడి బిడ్డతో తలుపు ఎట్లా తీస్తాను?

"ఆగుండ్రి! తానం అయితాంది!" అని లోపలి నుంచే అరిచాను.

బాదింది పక్కింటి తెల్ల ముసలామె. ఆమెకు వినిపించింది అలారం మోత, పిల్ల కేకలు, అర్థంకాని నా అరుపు. కనిపించింది మూసిన పరదాలు. పోలీసులను పిలిచింది.

ఇద్దరు వచ్చారు, ఒకతె ఆడమనిషి. అప్పటికి బిడ్డ తువ్వాలలో నిద్రపోతోంది. పోలీసామె తువ్వాల విప్పి చూసింది. బిడ్డ నడుము కింద నీలం మచ్చలున్నాయి. అవి చూడగానే ఆమె మొహం మారిపోయింది. బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంది. అంతలోనే సునీత వచ్చి, ఇంగ్లీషులో ఎంతో చెప్పి చూసింది. వాళ్లు వినలేదు. తల్లీబిడ్డలను ఆసుపత్రికి పంపి, నన్ను పోలీసు బండి ఎక్కించారు. వీధి వీధంతా గడపల్లో నిలబడి చూసింది.

"అవ్వా, భయపడకు!" అని సునీత ఏడుస్తోంది.

"నాకేం భయం? పిల్లకు టోపీ పెట్టు, గాలి తలుగుతది" అన్నాను.

భయం లేదన్నది అబద్ధం. జైలుకు కాదు నేను భయపడింది. పిల్లను కొట్టి పోలీసులకు చిక్కిందట అని బీదర్ దాకా మాట పోతే, ఇక నా కాళ్ల మీద ఎవరు బిడ్డను పెడతారు?

ఠాణాలో ఇంటర్‌ప్రెటర్‌ను ఫోన్‌లో కలిపారు. వాళ్ల మాట నాకు, నా మాట వాళ్లకు చెప్పే మనిషి అన్నమాట. ఎవరో కోస్తా అమ్మాయి.

"అమ్మగారూ, పాపను కొట్టారా అని అడుగుతున్నారండీ."

"కొట్టుడా? ఆ పిల్ల తల్లిని గూడ ఈ కాళ్ల మీదనే పెంచిన. దెబ్బలు తిన్న పిల్ల గట్ల నిద్రపోతదా, అడుగు."

"మరి ఆ నీలం మచ్చలేమిటండీ?"

"పుట్టంగనే ఉన్నయి బిడ్డా. మా దిక్కు శానామంది పిల్లలకుంటయి. పెద్దగైతుంటే అవే పోతయి."

పోలీసామె అంతా రాసుకుంది. నమ్మిందో లేదో మొహంలో తెలియలేదు. నన్ను గదిలో కూర్చోబెట్టి పోయింది. చాలాసేపటికి ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. అవి దెబ్బలు కావు, మంగోలియన్ స్పాట్స్ అనే పుట్టుమచ్చలు, బిడ్డ ఒంటి మీద గీత కూడా లేదు అని.

"పొరపాటు జరిగింది, సారీ అంటున్నారు. మీరు వెళ్లవచ్చు. టాక్సీ పిలుస్తారట" అంది ఫోన్‌లో అమ్మాయి.

"టాక్సీ వద్దు. ఏ బండిల తెచ్చిన్రో గా బండిలనే దింపుమను. గల్లీ అందరూ సూస్తుండంగ."

"అయ్యో, వదిలేస్తున్నారు కదండీ! వెళ్లిపోండి."

"నువ్వు మన పిల్లవే గదా, నీకు ఎర్క లేదా? అందరి ముందట పట్టుకపోయి చాటుకు ఇడిసిపెడితే, దొంగను ఇడిసిపెట్టినట్టే అయితది. దింపి, ఫోన్ చేసిన ఆ పక్కింటామెకు గూడ పోలీసామె తన నోటితోని చెప్పాలె. లేకుంటే కూసున్నకాన్నే కూసుంట. ఛాయ్ తెమ్మను."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూనే చెప్పింది. పోలీసామె రాసుకున్న కాగితాలు మూసింది. తర్వాత బండి తాళాలు తీసుకుంది.

ఎండ ఇంకా ఉండగానే మా వీధిలో దిగాం. పోలీసామె ముందు దిగి నా వైపు తలుపు తీసింది. నేను కొంగు సర్దుకుని మెల్లగా దిగాను. తొందరేముంది? మళ్లీ అందరూ గడపల్లోకి వచ్చారు. చూడనీ! పోలీసామె పక్కింటి తలుపు కొట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా నాలుగు మాటలు చెప్పింది. తెల్ల ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది.

కోపం ఉండింది నాకు. కానీ పసిపిల్ల ఏడుపు విని ఊరుకునే మనిషి కంటే ఆమె వెయ్యి రెట్లు నయం. "ఏడ్వకు తల్లీ. రేపు పొద్దుగాల నువ్వే వచ్చి సూడు" అన్నాను. సునీత ఇంగ్లీషులో చెప్పింది.

మరునాడు వచ్చింది. పరదాలు తీసే ఉంచాను. సాంబ్రాణి మానేశాను. బిడ్డ బుగ్గ మీద నల్లచుక్క పెద్దగా పెట్టాను. బిడ్డ ఇల్లు పీకి పందిరేసినట్టు ఏడ్చింది, తర్వాత ముసలామె పట్టుకున్న తువ్వాలలోనే నిద్రపోయింది. నేను తిరిగి వచ్చేదాకా రోజూ తువ్వాల పట్టింది ఆమే.

మొన్న మా ఊరి దగ్గరి మన్నళ్ళిలో ఒక బాలింత ఇంటికి పోయాను. నీళ్లు పోయబోతుంటే ఆమె అత్త దిష్టి తగులుతుందని తలుపు మూయబోయింది.

"తియ్యమ్మా, బార్లా తియ్యి. నల్లచుక్క పెట్టిన, దిష్టి సంగతి అది సూసుకుంటది. నా పని అందరూ సూడనియ్యి" అన్నాను.

వెలుతురులో కాళ్లు చాపి కూర్చున్నాను. బిడ్డను నా కాళ్ల మీద పెట్టారు.