సంసోను, గొల్యాతు, గోదావరి పాఠం

ఇప్పుడు చెబితే మా బడి పిల్లలు నమ్మరు గాని, నా చిన్నతనంలో మండపేట చుట్టుపక్కల పల్లెల్లో కొత్తమనిషి కనిపిస్తే ఏ ఊరని గాని, ఎవరి తాలూకని గాని ముందు అడిగేవారు కాదు. "ఎరుపా, పసుపా?" అని అడిగేవారు. వరి కోతలూ మాసూళ్ళూ పూర్తయి, ఎడ్లకూ మనుషులకూ ఒకేసారి తీరిక దొరికే ఆ రోజుల్లో మా ఊరి కాలవగట్టు మీద ఎడ్లబండి పందాలు జరిగేవి. ఎరుపు మా మామయ్య జత, పసుపు పెద్దాపురం జత. మిగిలిన ఊళ్ళ బళ్ళూ వచ్చేవి గాని, పెళ్ళికొచ్చిన చుట్టాల్లా వచ్చి, తిని, ఓడిపోయి వెళ్ళేవి. శనివారం ఎంపిక పందెం, సోమవారం అసలు పందెం. మధ్యలో ఆదివారం ఎందుకు ఖాళీ అంటే, మామయ్య మా లూథరన్ సంఘంలో పెద్ద. ఆదివారం ఎద్దు మెడ మీద కాడి పెట్టనని పట్టుబట్టాడు. (ఆ ఆదివారం గుడిలో మోకాళ్ళ మీదున్న మగవాళ్ళంతా కళ్ళు మూసుకుని ఇరుసుకు కందెన సరిపోయిందా లేదా అని ఆలోచిస్తూ ఉంటారని మా అత్తయ్య అనేది. పాస్టరుగారు కూడా ఆ వారం ప్రసంగం త్వరగా ముగించేవారు.)

ఆ మూడు రోజులూ ఊరు ఊరులా ఉండేది కాదు. కాలవలో వచ్చే పడవలకు తెరచాప కొయ్యల మీద ఎర్రగుడ్డలో, పసుపుగుడ్డలో కట్టి ఉండేవి. గాజులమ్మే ఆమె వేరే రంగులు తెచ్చేదే కాదు. జీళ్ళబండివాడు ఎర్రరంగు కలిపిన జీళ్ళు ఒక పళ్ళెంలో, పసుపువి ఇంకో పళ్ళెంలో పెట్టుకుని, "ఎవరి జీళ్ళు వాళ్ళే కొనుక్కోండి బాబూ, తర్వాత నన్ననొద్దు" అని అరిచేవాడు. కోరుకొండ నుంచి ఏటా వచ్చే ఒకాయన ముంజేతి మీద మా మామయ్య ఎద్దు సంసోను బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. పొడిచినామె ఎద్దును సరిగా చూడకపోవడంతో అది మేకలా వచ్చింది. అయినా ఆయన గర్వంగా చెయ్యి చాపుకునే తిరిగేవాడు. మామయ్య ఎడ్ల పేర్లు సంసోను, గొల్యాతు. బైబిలులోని ఇద్దరు బలవంతుల పేర్లు పెట్టాడు గాని, ఒకడు దేవుని పక్షం, ఒకడు శత్రుపక్షం, ఇద్దరినీ ఒకే కాడికి కట్టడం ఏమిటని మా నాన్నగారు బాధపడేవారు. "పరుగెత్తేటప్పుడు ఆ సంగతి వాటికి గుర్తుండదులెండి బావగారూ" అనేవాడు మామయ్య.

మా ఇంట్లో అసలు చిక్కు అత్తయ్య. ఆవిడ పుట్టిల్లు పెద్దాపురం. ఒక చేతికి ఎర్రగాజులు, ఒక చేతికి పసుపుగాజులు వేసుకుని, మామయ్య ఎదురుపడితే ఒక చెయ్యి, తమ్ముళ్ళు ఎదురుపడితే రెండో చెయ్యి ఊపేది.

నా సంగతి చెప్పాలి. నాకప్పుడు పదమూడేళ్ళు. నలుగురు మనుషులు చూస్తే నా గొంతుకు తాళం పడిపోయేది. రాత్రి దినచర్య పుస్తకంలో పేజీలకు పేజీలు రాసేదాన్ని, పగలు "మంచినీళ్ళు కావాలా?" అని అడిగితే తలూపేదాన్ని. నాన్నగారు మిషన్ బళ్ళో మాస్టారు. సొంత కూతురు పాఠం అప్పజెప్పమంటే నేల చూస్తుందని ఆయనకు తీరని దిగులు. చివరికి విసిగి, "మనుషులకి చెప్పలేకపోతే పోనీ, ఎడ్లకైనా చెప్పమ్మా, గొంతు తెరుచుకుంటుంది" అన్నారు. నేను దాన్ని ఆజ్ఞగానే తీసుకున్నాను. రోజూ సాయంత్రం మామయ్య పశువుల పాకలో ఎడ్లకు ఉడికించిన ఉలవలు పెట్టే పని నాది. తట్ట పట్టుకుని నిలబడి, "గోదావరి నది పడమటి కనుమలలో, త్ర్యంబకం వద్ద పుట్టుచున్నది" అని మొదలుపెట్టేదాన్ని. పాఠం బంగాళాఖాతంలో కలిసేసరికి తట్ట ఖాళీ. ఎడ్లంత మర్యాదగా వినేవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు. తప్పు చెప్పినా తలాడించేవి.

ఆ ఏడు మామయ్యకూ, పెద్దాపురం జత యజమానికీ (ఊరంతా మీసాలాయన అనేవారు, మీసం అంత పెద్దది) సంతలో మాటా మాటా పెరిగింది. "ఏమండోయ్ పెద్దగారూ, మీ ఎడ్లు గుడికెళ్ళే నడక నేర్చాయటగా, పరుగు మర్చిపోలేదు కదా?" అన్నాడాయన. మామయ్య భుజం మీది ఎర్ర కండువా తీసి విదిలించి, "ఓడినవాడు గెలిచినవాడి రంగు తలపాగా చుట్టుకుని ఏడాదంతా తిరగాలి. ఒప్పుకుంటారా?" అన్నాడు. ఒప్పుకున్నారు. పసుపు తలపాగాతో మామయ్య గుడి మెట్లెక్కడం ఊహించుకుని మా వీధి వీధంతా అన్నం మానేసినంత పనిచేసింది.

శనివారం నాడు మగవాళ్ళు గట్టు పొడుగునా నిలబడ్డారు. ఆడవాళ్ళం సగం దారిలో, గడ్డిబండి ఎక్కి కూర్చున్నాం. ఇంతలో నాన్నగారు ఎవరినో వెంటబెట్టుకుని వచ్చారు. పాఠశాలలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగారు! రాజమండ్రి నుంచి పందెం చూడ్డానికే వచ్చారు, కాని ఉద్యోగం వదిలి రాలేరు కదా. "ఇది మా అమ్మాయండి" అని నాన్నగారు అనగానే ఆయన, "ఏమమ్మాయీ, గోదావరి ఎక్కడ పుట్టింది?" అన్నారు.

నేను పెదవులు కదిపాను.

"ఈ గోలలో వినబడదు, గట్టిగా చెప్పు!"

నిజమే, అంత గోల. బళ్ళు బయల్దేరాయి. అందరి కళ్ళూ అటే ఉన్నాయి, నన్ను చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ధైర్యంతో, పాకలో చెప్పినంత గొంతుతో, "గోదావరి నది పడమటి కనుమలలో!" అని అరిచాను. అందరికంటే ముందు దూసుకొస్తున్న ఎర్రబండి సరిగ్గా నా ఎదురుగా వచ్చి ఆగిపోయింది. సంసోను మెడ చాచి నా ఒళ్ళో మూతి పెట్టాడు. గొల్యాతు ఇన్‌స్పెక్టరుగారి టోపీలో ఉలవలు వెతికాడు. మామయ్య నొగల మీదికి జారిపడి, "ఏమైందిరా నాయనా, ఏమైంది!" అంటున్నాడు.

"త్ర్యంబకం వద్ద అని కూడా చెప్పాలి" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, టోపీ లాక్కుంటూ.

ఎంత ముందున్నాడో గాని, అంత ఆగినా మామయ్య రెండోవాడుగా వచ్చి సోమవారానికి మిగిలాడు. ఆ సాయంత్రం నేను ధాన్యం బస్తాల వెనక దాక్కుంటే వెతికి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. కళ్ళు మెరుస్తున్నాయి. "మేనకోడలా, నీ గొంతు వింటే అవి ఆగలేదే, నీ దగ్గరికి వచ్చాయి! సోమవారం నువ్వు గెలుపు గుంజ అవతల తట్టతో నిలబడు. నేను సగం దాటగానే పాఠం మొదలుపెట్టు."

"మామయ్యా, అంతమంది..."

"అంతమందికి కాదు, రెండిటికే చెప్పు."

సోమవారం గుంజ దగ్గర నిలబడ్డాను. ఎర్ర లంగా, చేతిలో ఉలవల తట్ట. నా వెనక ఎర్ర తలపాగాలు, నా ముందు పసుపు తలపాగాలు, చెట్ల మీద కూడా తలపాగాలే. సంగతి ఊరంతా పాకింది కాబట్టి అందరూ బళ్ళ వంక కాకుండా నా వంకే చూస్తున్నారు. "పంతులమ్మగారూ, మా ఎడ్లకి ఎక్కాలు చెప్పరా?" అని పసుపువాళ్ళు ఎగతాళి. బళ్ళు సగం దాటాయి. మీసాలాయన బండి ఒక చక్రం ముందుంది. నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచాను. త్ర్యంబకం గుర్తుంది, గోదావరి గుర్తుంది, గొంతే ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

పక్కనే అత్తయ్య. శనివారం నుంచి పసుపు చెయ్యే ఎక్కువ ఊపుతున్న మనిషి నా జబ్బ పట్టుకుని ఊపేసింది. "ఏమే పిల్లా! మా తమ్ముళ్ళు ఓడితే ఒక్కరోజు ఏడుస్తారు. మీ మామయ్య ఓడితే ఏడాదంతా నేను వినాలి. ఆ పసుపు తలపాగా ఉతకాల్సిందీ నేనే. అరవ్వే!"

అత్తయ్య మొహం చూస్తే నాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు గొంతూ వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. పాక, పేడవాసన, రెండు తడి మూతులు. "గోదావరి నది పడమటి కనుమలలో, త్ర్యంబకం వద్ద పుట్టుచున్నది!" తర్వాత ఏమైందో నేను చూడలేదు, విన్నాను. మొదట గిట్టల చప్పుడు మారింది. తర్వాత జనం హోరు. నేను మాత్రం ఆపలేదు. మంజీర కలిసింది, ఇంద్రావతి కలిసింది, శబరి కలిసింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాటి, గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి, బంగాళాఖాతంలో కలిశాక కళ్ళు తెరిస్తే తట్ట ఖాళీగా ఉంది, సంసోను నా జడ నాకుతున్నాడు, మామయ్యను జనం భుజాల మీద ఎత్తేశారు. అత్తయ్య పసుపుగాజులు ఎప్పుడు తీసేసిందో, రెండు చేతులకీ ఎర్రగాజులే. మీసాలాయన మాట మీద నిలబడే మనిషి. అక్కడే ఎర్ర తలపాగా అడిగి చుట్టుకుని, నా దగ్గరికొచ్చి, "అమ్మా, మా ఎడ్లకి కృష్ణానది నేర్పుతాను చూడు" అన్నాడు.

నాన్నగారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టారు. కళ్ళలో నీళ్ళున్నాయి. "ప్రాణహిత వదిలేశావమ్మా" అన్నారు.

మరుసటేడు నుంచి మా కాలవగట్టు మీద ఎర్రవాళ్ళ కేక మారిపోయింది. చదువు రాని రైతులు, చేపల పడవలవాళ్ళు, మేక పచ్చబొట్టాయన, అందరూ ఒక్క గొంతుతో "పడమటి కనుమలలో!" అని అరిచేవారు. మా జిల్లాలో ఇన్‌స్పెక్టర్లు భూగోళం పరీక్షలో ఎవరినీ ఫెయిలు చెయ్యలేకపోయేవారని నాన్నగారు చెప్పుకునేవారు.

ఇప్పుడు నేనూ అదే బళ్ళో పాఠాలు చెబుతున్నాను. స్త్రీల సమాజంలో నాలుగు మాటలు మాట్లాడమంటే ఈనాటికీ నేలే చూస్తాను. (మొన్న కూడా కాగితం అత్తయ్య చేతికిచ్చి కూర్చున్నాను. ఆవిడ నాకంటే బాగా చదివింది.) గొల్యాతు పోయాడు. సంసోను ముసలివాడయ్యాడు, మామయ్య వాణ్ణి బడి పక్క దొడ్లో వదిలేశాడు. ఏటా ఈ రోజుల్లో గోదావరి పాఠం వస్తుంది. నేను గొంతు సవరించుకుని "గోదావరి నది" అనగానే పిల్లలు పుస్తకం చూడరు, కిటికీ చూస్తారు. కాసేపటికి ఒక నెరిసిన మూతి ఊచల మధ్య నుంచి లోపలికి వస్తుంది. ప్రాణహిత దాకా ఓపిగ్గా వింటాడు. పంతులమ్మ కొంగున ఉలవలేమిటని తనిఖీకి వచ్చినవాళ్ళెవరూ ఇంతవరకూ అడగలేదు. అడిగితే మాత్రం, ఈసారి గట్టిగానే చెబుతాను.